పొరుగు కొలత

డెట్రాయిట్‌కి పోవాలంటే మేము ఉత్తరానికి పోతాం.
పటం తెచ్చి చూపించేదాకా ఎవరూ నమ్మరు.
విండ్సర్‌లో షిఫ్టు దిగి, చేతుల నూనెవాసన వదిలీ వదలకముందే
ఐదూ ఇరవైకి సొరంగం బస్సెక్కుతాను.
నది నా నెత్తిమీదుగా పోతుంది.
ఓడలు కూడా.

ఏం చదువుతున్నారు? అంటాడు అద్దం వెనక ఆఫీసరు.
తులనాత్మక రాజకీయాలు.
దేన్ని దేంతో?
ఇంకా తేల్చుకోలేదండీ.
సంచీలోంచి నిమ్మకాయ తీసి పక్కన పెడతాడు.
అది కాలిఫోర్నియాలో కాసిందే, స్టిక్కరు మీద రాసుంది.
పుట్టిన దేశంలోకి తిరిగి రాకూడదట.
ఆ పూట మరమరాలు చప్పగానే తిన్నాను.

పగలు నా పనీ కొలవడమే.
కారు సీటు కింద ఇనప కొక్కేన్ని కాలిపర్ నోట పెట్టి
వెంట్రుకవాసి తేడా ఉన్నా తొట్టిలోకి విసిరేస్తాను.
నెగ్గింది నది దాటి తూట్లు పొడిపించుకుని
వెనక్కొచ్చి రంగేసుకుని, మళ్ళీ దాటి
ఎవరి బరువో మోయడానికి కుదురుకుంటుంది.
దాన్నెవరూ ఏం చదువుతున్నావని అడగరు.

ప్రొఫెసర్ వాండా క్రుపా బోర్డు మీద రెండు గీతలు గీసింది.
"అన్నిట్లో ఒకేలా ఉండే రెండు దేశాలు తెచ్చుకోండి.
ఒక్కచోట తేడా ఉండాలి.
ఆ ఒక్కటే మీతో మాట్లాడుతుంది."
పొరుగింటి పుల్లకూర రుచి అని
మనవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేసినదానికి
రెండేళ్ళ కోర్సు. ఫీజు వాళ్ళ డాలర్లలో.

నేను రెండు ఒడ్లనే రాశాను.
అదే మంచు, అదే హాకీ పిచ్చి,
పలకలు కొట్టిన అవే ఫ్యాక్టరీ కిటికీలు.
తేడా: ఆసుపత్రి.
పట్టికలో మూడో గడి. ముచ్చటగా కుదిరింది.

జనవరిలో, క్లాసు వదిలాక, కాస్ అవెన్యూ వైపు మెట్ల మీద
లటోనియా జారిపడింది.
మణికట్టు చూస్తుండగానే వంకాయ రంగు తిరిగింది.
ఫోను తీశాను. మంచి చేత్తో నా చెయ్యి పట్టుకుంది.
"అంబులెన్సు వద్దు. బిల్లు నువ్వు కడతావా?"
నవ్విందనే అనుకుంటాను.
వాళ్ళ కజిన్ కారు రావడానికి నలభై నిమిషాలు.
నా స్కార్ఫుతో కట్టిన ఆ చెయ్యి నా ఒళ్ళో.
మూడో గడి ఇంత వెచ్చగా ఉంటుందని
నేనెక్కడా రాయలేదు.

పేపరు తిరిగిచ్చేటప్పుడు క్రుపా గారు అడిగారు,
ఇంతకన్నా దగ్గరి జంట నీకు తెలీదా అని.
తెలీదన్నాను.

తెలుసు.
మాది మాచర్ల. డ్యాము దాటితే పెదనాన్న వాళ్ళ హాలియా.
అదే కృష్ణ, అదే భాష, కాస్త యాస తేడా.
నేను డిగ్రీలో చేరినప్పుడు ఒక రాష్ట్రం, బయటికొచ్చేసరికి రెండు.
ఆ ఏడు పెళ్ళిలో, బంతి మధ్యలో,
పప్పు వడ్డిస్తూ శ్రీలక్ష్మొదిన "మీవాళ్ళు" అంది.
కోపంతో కాదు. అలవాటుగా.
అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ మాట "మనవాళ్ళు."

మనం మేమవడానికి ఎంతసేపు పడుతుందో
ఏ కాలిపర్‌తో కొలవాలి?
ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట.
క్రుపా గారికి ఎలా చెప్పను,
నా తేడా అసలు వాళ్ళ భాషలో పడదని?

ఆఖరి బస్సు. పది నలభై.
కట్టులో చెయ్యి, ఎడంచేతి టైపింగు, అన్నీ తప్పులు:
లటోనియా మెసేజి.
ఆ మెట్ల మీద ఉప్పు చల్లమని డీన్‌కి ఉత్తరం, సోమవారం, వీ అని రాసింది.
వీ అంటే మీరంతానా, నన్ను కూడా కలుపుకునా?
అడుగుదామని రాయడం మొదలెట్టాను.
గోడ పలకల మీద రెండు జెండాలు దగ్గరికొస్తున్నాయి,
వెళ్ళిపోయాయి.
సిగ్నల్ లేదు.