రంపం తినే మూడు మిల్లీమీటర్లు

మురకంబట్టు షెడ్డులో కరెంటు పోయి వచ్చినాక
కంప్యూటరు మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరే నిలబడింది:
కడ్డీ పొడవెంత?
ఆరు మీటర్లు, కొట్టినాను.
"ఇరవై అడుగులు" అన్నాడు వెనకనించి గుర్నాథాచారి,
నేనేదో తప్పు చెప్పినట్టు.
రెండూ ఒకటి కాదు మామా,
మధ్యలో నాలుగంగుళాలకి కాస్త తక్కువ,
అది ఇన్నేళ్ళూ ఎవరి ఖాతాలో పడిందో.

ముప్పై ఏళ్ళు ఆయన కొటేషన్ రాసింది
సిగరెట్ పెట్టె అట్టల మీద.
కడ్డీని ఒక కొన పట్టి లేపి, దించి,
పెదాల కింద అరవంలో లెక్కపెట్టుకుని
ఒక అంకె చెప్పేవాడు. పార్టీ తలూపేది.
లాభమెంతో దీపావళికి తెలిసేది.
కొన్నేళ్ళు అదీ తెలిసేది కాదు.

పోయిన వేసవిలో తెలిసింది.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి డ్రమ్ముల స్టాండ్లు,
కాయ దిగేలోపల కావాలన్నారు.
ఒక్కో కాలు ముప్పాతిక మీటరు.
ఆరు మీటర్లకి ఎనిమిది కాళ్ళు, బడి పిల్లోడి లెక్క.
ఏడే వచ్చినాయి.
కోసిన ప్రతిసారీ బిళ్ళ మూడు మిల్లీమీటర్లు తినింది,
నిప్పురవ్వలుగా, దస్తగిరి కనురెప్పల మీద నల్లటి పొడిగా.
ఎనిమిదో కాలు ఇరవై ఒక్క మిల్లీమీటర్లు పొట్టి.
నూట ఎనభై కడ్డీలు. ప్రతిదాంట్లోనూ అంతే పొట్టి.

అందుకే ఇప్పుడీ గడులు, నా చేతికి ఈ కీబోర్డు.
కోత మందం: మూడు.
బరువు: వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి
నూట అరవై రెండుతో భాగించు.
ఇరవై ఐదు రౌండుకి మీటరు
మూడు కిలోల ఎనిమిది వందల యాభై ఎనిమిది గ్రాములు.
దస్తగిరి మణికట్టు మీద ఊపి చూసి
"నాలుక్కి తక్కువ" అన్నాడు, తెర చూడకుండానే.

పైపుకి వేరే గడి.
లోపలి బోలుకి ధర లేదు, గోడకే ధర.
కానీ వెల్డర్ని భయపెట్టేది ఆ బోలే,
పల్చటి గోడ, ఒక్క రెప్పపాటు ఎక్కువ నిలిచినా చిల్లి.
భయానికి గడి వెతికినాను. లేదు.
సెటప్ సమయంలో రెండు నిమిషాలు కలిపి
ఎవరికీ చెప్పలేదు.

గంటకి కూలి ఎంత?
ఇక్కడ ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.
బయట లారీ వెనక్కి వస్తా ఉంటే
దాన్ని చూసినాము.
ఆచారి ఒక అంకె అన్నాడు.
నేను కొట్టినాను. కాసేపటికి ఆయనే
"దానికి ఇరవై చేర్చు" అన్నాడు, గొంతు సవరించుకుని.

ఆఖరి ప్రశ్న:
ఎంతకన్నా పొట్టిదైతే తుక్కు?
"అడుగు" అన్నాడు ఆచారి.
దస్తగిరి నవ్వినాడు. వాని మూల డ్రమ్ము నిండా
అడుగుకి లోపలి ముక్కలే.
వాట్లోనించే వచ్చినాయి మా గేటు గొళ్ళెం,
ఎదురింటి గోబీ బండి ఇరుసు,
ఉర్దూ బడిలో కుంటి బెంచీకి నాలుగో కాలు.
"వేలంత ఉన్నా సీల అవతాది మేడం,
తుక్కనేదానికి కొలత యాడిది?"
కంప్యూటరుకి కొలత కావాల.
మూడు వందలు కొట్టి, సేవ్ నొక్కినాను.

ఈ ఏడు స్టాండ్లకి లెక్క తీస్తే
మామ అట్ట మీది అంకె కంటే నూటికి పద్దెనిమిది ఎక్కువ.
ఆయన చాలాసేపు చూసినాడు,
ఎప్పుడో పోయిన డబ్బుని ఎదురుగా చూసినట్టు.
"పార్టీ పోతే?" అన్నాడు.
మళ్ళీ ఆయనే, "పంపు."

షెడ్డులో బిళ్ళ అరుస్తా ఉంది.
ఒక కడ్డీ చివర రెండు వందల ఎనభై మిగిలింది,
కిలో పైమాట.
దస్తగిరి దాన్ని తుక్కు తొట్టిలో వేసినాడు, నేను చూస్తున్నానని.
నేను తెర వైపు తిరిగినాక
డ్రమ్ములో ఠంగుమని వినపడింది.