కొత్త బెజ్జం

మళ్ళీ నా దగ్గరికే తెచ్చారు బెల్టుని.
రాజోలు బస్టాండు వెనక చెప్పుల కొట్టు,
దీన్ని కుట్టింది నేనే.
ఇత్తడి బిళ్ళ మాత్రం చిల్లుపడ్డ గంగాళం లోది.

వెనక తోలు మీద మేకుతో గీసిన పేర్లు.
మొదటి ముగ్గురూ ఐసు ఫ్యాక్టరీ కూలీలు.
కొబ్బరిపీచు పరిచి, పైన లారీ టార్పాలిన్ బిగించి
తణుకు జట్టుని పడేశారు.
గెలుపెవరిదో మధ్యాహ్నమే టీ కొట్లో తేలిపోయింది.
విరిగిన పన్ను సంగతి మాత్రం
ఎవరూ ముందు అనుకోలేదు.

ముగ్గురికి ఒక్క బెల్టు.
కాలవ నీళ్ళలా వంతులేసుకున్నారు, నాలుగేసి నెలలు.
వీర్రాజు వంతంతా అది తాకట్టు కొట్లోనే గడిపింది.

రెండో వరస గీకేసి ఉంది.
నన్నడక్కండి.

మూడోది:
పెచ్చెట్టి సూరన్న, నేలపూడి ఏసుపాదం, పంటు తాతీలు.
ఆ ఏడు ఎర్రనీళ్ళకి పంటు తాడు తెగింది,
తాతీలు మళ్ళీ గట్టెక్కలేదు.
ప్రమోటరు కొత్తవాణ్ణి తెస్తే
మెట్టు కూడా ఎక్కనివ్వలేదు వీళ్ళు.
ఇద్దరే దిగారు.
నలిగి నలిగి, బోర్లా పాక్కుంటూ మూలకొచ్చి
ఎవరూ లేని తాడు వైపు
చెయ్యి చాపాడు ఏసుపాదం.
టీ కొట్లో అనుకున్నదాంట్లో లేదది.
ఈలలు ఆగిపోయాయి.
ఒకటి అన్నాడు రిఫరీ. రెండు అన్నాడు.
మూడు అనడానికి
చాలాసేపు పట్టింది.

చాన్నాళ్ళు బెల్టు ఎవరిదీ కాదు.
మా అటక మీద ఎలకలు అంచులు కొరికాయి.

ఇప్పుడు గెలిచినవాళ్ళు కుర్రాళ్ళు, సన్నటి నడుములు.
ఇంకో బెజ్జం కావాలంటున్నారు.
ఆర ఎక్కడ దించాలా అని చూస్తున్నాను,
పేర్లకి తగలకుండా.