చెవిలేని తాళం

శనివారం పొద్దున్నే మొదలుపెట్టాం.
బయట స్విండన్ వాన,
లోపల నాలుగు ఫోన్లు, ఒక లాప్‌టాప్, చల్లారుతున్న ఉప్మా.
"గంటలో అయిపోతుంది" అన్నాడు విద్యాధర్.
పెళ్లయిన పదిహేడేళ్లలో
ఆయన గంటకు ఎన్ని నిమిషాలో నాకింకా తేలలేదు.

ముందు పాతవన్నీ బయటికి తీయాలట.
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద బ్రాడ్‌బ్యాండ్,
నా డైరీలో పాల లెక్క పక్కన కౌన్సిల్ టాక్స్,
తమ్ముడు సత్యకీర్తివి కొన్ని బుర్రలో, కొన్ని రసీదుల వెనక,
లిఖితవి ఎక్కడున్నాయో లిఖితకే తెలుసు.
పోగేస్తే నాలుగొందల పన్నెండు.
గ్యాస్ కంపెనీ ఒక్కటే ఏడుసార్లు,
ఏడూ వేరు, ఏడూ తప్పు.

అన్నీ ఒకే పెట్టెలో పోద్దామన్నాడు.
అమ్మాయి తన ఫోన్ బోర్లించింది.
"నావి కూడానా?"
"మనింట్లో వాళ్లమే కదే."
"అందుకే."
ఆ తర్వాత నాకు ఉప్మా గిన్నె తోమే పని గుర్తొచ్చింది.

కొత్తది పెట్టాలంటే పాతది చెప్పమంటుంది,
పాతది మరిచానంటే మెయిల్ చూసుకోమంటుంది,
మెయిల్ తెరుస్తానంటే ఫోనుకి అంకెలు పంపానంటుంది,
ఆ ఫోను నంబరు
ఎప్పుడో బ్రిస్టల్ బస్సులో పోగొట్టుకున్న సిమ్ముది.
మా ఊళ్లో ఒక రౌండెబౌట్ ఉంది,
పెద్ద చక్రం చుట్టూ ఐదు చిన్న చక్రాలు.
కారు నేర్చుకునే రోజుల్లో అందులో దిగి
మూడు చుట్లు తిరిగి, వచ్చిన దారినే వెనక్కొచ్చాను.
నేర్పించే కెవిన్ ఏమీ అనలేదు,
కిటికీలోంచి బయటికి చూశాడు.
ఇవాళ నా పక్కన
అంత మర్యాదస్తుడు ఎవరూ లేరు.

చీకటి పడేవేళకి మా మీద తీర్పు వచ్చింది.
ఎర్రటి అక్షరాల్లో:
బలహీనం. బలహీనం. మళ్లీ వాడినది. బలహీనం.
విద్యాధర్‌ది పదకొండు చోట్ల ఒకటే, ఏదో బండి నంబరు.
"ఎవరిది?"
"మా బాబాయి లూనా. అమ్మేటప్పుడు
ప్లేటు విప్పి దాచుకుంటానన్నాను.
కొన్నాయన ఒప్పుకోలేదు."
పదకొండు చోట్లా తనే చెరిపాడు, ఒక్కొక్కటిగా.
ఆ స్థానంలో
ఎవరి నోరూ తిరగని ఇరవై అక్షరాలు.

నాదీ బలహీనమే.
ఏమిటని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
లైబ్రరీ కార్డుకి మాత్రం అదే ఉంచేశాను.

మన భాషలో తాళానికి చెవి ఉంటుంది.
చిన్నప్పుడు అది నిజంగా వింటుందనుకునేదాన్ని.
పాతవి అలాంటివే, చెప్పుకోగలిగినవి:
ఒక పేరు, ఒక వీధి, ఒక సంవత్సరం,
వాళ్లు అడిగారు గనక చివర ఒక ఆశ్చర్యార్థకం.
ఈ కొత్తవాటిని
ఎవరి చెవిన వేయను?

అన్నిటికీ పెద్ద తాళం పోతే తెరిచే కాగితం ఒకటుంది,
ప్రింట్ తీసి భద్రంగా దాచుకోమంది.
ప్రింటర్ వైఫై పాస్‌వర్డ్ అడిగింది.
అది పొద్దున్నే మార్చాం.
"తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని" అని
సత్యకీర్తి రాగం తీశాడు, వాడి మీదికి టీ గుడ్డ విసిరాను.
చివరికి చేత్తోనే రాసి
మెంతుల డబ్బాలో పెట్టాం.

మూసేముందు అది మళ్లీ అడిగింది:
మీ కుటుంబంలో ఐదుగురికి చోటుంది,
మీరు నలుగురే. ఇంకొకరిని పిలుస్తారా?
ఎవరూ మాట్లాడలేదు. వాన కూడా ఆగినట్టుంది.

రాత్రి పదకొండున్నరకి లిఖిత నా మంచం చివర కూర్చుంది.
"అమ్మా, నెట్ రావట్లేదు."
నాన్న లేస్తాడని లైటు వేయలేదు.
ఫోన్ వెలుగులో చూస్తూ
దాని చెవి దగ్గర నోరు పెట్టి చదివాను:
చిన్న జె, పెద్ద ఆర్, ఏడు, డాలరు,
పెద్ద క్యూ, చిన్న క్యూ...
నవ్వు ఆపుకోలేక దుప్పట్లో మొహం దాచుకుంది.
"ఎక్కడున్నాం?"
"డాలర్ దగ్గర. కాదు, తప్పు కొట్టాను."
"మళ్లీ మొదట్నించా?"
"ఊఁ."