చేతుల లెక్క

బాస్క్ కొండల నడుమ ఒలట్జార్‌లో
మూడు రోజులుగా ముసురు.
ఈ కర్మాగారానికి యజమానులూ మేమే, కూలీలూ మేమే.
క్యాంటీన్ బల్లలు గోడకి జరిపి
ఓట్లు లెక్కపెట్టే పని నాకిచ్చారు.

కొత్త యంత్రం కొనాలా, వద్దా?
"కొనకపోతే రెండేళ్లలో
గేటుకి తాళమే మన ఆఖరి సరుకు"
అన్నాడు ఎనెకోయిత్స్, కాగితాలు ఊపుతూ.
కాగితాలు అబద్ధమాడలేదు.
వాటికి గార్బిన్యె వేళ్లు తెలియవు, అంతే.

ఇరవై రెండేళ్లుగా పళ్లచక్రం అంచుని
బొటనవేలితో తడిమి
వెంట్రుకవాసి తేడా పట్టేస్తుంది ఆవిడ.
యంత్రం ముందు తినేది ఆ వేలినే.

ఎవరూ ఆవిడవైపు తిరగలేదు.
అందరూ ఆవిడనే చూస్తున్నారు.

లేచి, "కొనండి" అంది.
"ఆగిన చక్రం తుప్పు పడుతుంది, నాకు తెలీదా?
కానీ విరిగిన పన్ను సంగతి చూడకుండా
చక్రం తిప్పేవాణ్ణి పనివాడనను.
మేం నలుగురం ఇంకో పని నేర్చుకునేదాకా
మీ జీతాల్లోంచి నూటికి ఆరు.
డైరెక్టర్‌ది పన్నెండు."

ఎవరిదో నవ్వు సగంలో ఆగిపోయింది.
చేతులు లేచాయి, కొన్ని గబగబా,
కొన్ని తడిసిన గొడుగు మోస్తున్నట్టు.
సరేనన్నవి నూటపదకొండు.
కాదన్నవి నూటతొమ్మిది.

పలకమీద అంకెలు రాశాక గుర్తొచ్చింది,
నా చెయ్యి సుద్దముక్క పట్టుకునే ఉండిపోయింది,
ఏ వైపూ లేవలేదు.

బయట చూరు కింద
గార్బిన్యె సైకిల్ గొలుసుకి నూనె రాసుకుంటోంది,
ఒక్కొక్క పన్నూ తడుముతూ.