ముక్కలు

మా కాశీబుగ్గ చర్చిలో
మొదటి ఆదివారం రొట్టె పళ్లెం పట్టేది నేనే,
ఇరవై రెండేళ్లుగా.
ఎడమ వరసలో మొదలెట్టి
వెనక బెంచీ దగ్గర తిరిగి
ఆడవాళ్ల చాపల మీదుగా ముందుకొచ్చేసరికి
పాట మూడో చరణంలో ఉంటుంది.
ఎప్పుడూ మూడో చరణమే.

ప్రార్థనా అంతే.
"ప్రేమగల మా పరలోకపు తండ్రీ" అని ఎత్తుకుంటే
మిగతాది దానంతటదే దొర్లిపోయేది
పలాస గేటు దాటే గూడ్సు బండిలా,
పెట్టె వెనక పెట్టె,
లోపలేముందో చూసేవాడు లేకుండా.
నాలుక అక్కడ.
నేను మధ్యాహ్నం చేపల పులుసు దగ్గర.

మిగతా ఆరు రోజులూ
జీడిపప్పు బట్టీలో తూకం గుమాస్తాని.
గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు,
ముక్క ఇంకోవైపు.
ముక్క ఎక్కువైతే కూలిలో కోత.
ఎర్ర సిరాతో రాస్తాను.
నా దస్తూరీ అంటే యజమానికి ముచ్చట.
శనివారం కోత రాసిన చెయ్యే
ఆదివారం విరిచిన రొట్టె పట్టుకుని తిరుగుతుంది.
మధ్యలో ఒక్క రాత్రి, ఒక స్నానం.
ఎన్నడూ తోచలేదు.

ఈ నెల
బోనెల తబితమ్మ ఆలస్యంగా వచ్చింది.
రాత్రంతా పని. కళ్లు మూతలు పడుతున్నాయి.
చాప అంచున కూలబడి
పమిట చెంగులో చేతులు దాచుకుంది.
పళ్లెం ముందుకొచ్చాక
తప్పక ఒకటి బయటికి తీసింది.
జీడిసొన తిన్న వేళ్లు.
బొటనవేలి మీద తోలు ఊడి
కింద లేత ఎరుపు.
కడిగితే పోయే నలుపు కాదది.
అంచున రాలిన చిన్న తునకని ఏరుకుంది.
ఏరుకుని, సగం నిద్రలోనే కాబోలు,
నా మొహం చూసి గబుక్కున అంది:
"ముక్కేనండి బాబూ, కోత రాసీకండి."

పక్కనున్న కెజియా నవ్వాపుకుంది.
తబితమ్మ నాలిక్కరుచుకుంది.
నేను కదల్లేదు.
మూడో చరణం అయిపోయింది.
నాలుగోదీ అయిపోయింది.
పళ్లెం నిండా ముక్కలే.
ఒక్క గుండూ లేదు.
ఇది ఎవరి ఒళ్లో
నాకు నేను చెప్పుకోవాల్సొచ్చింది,
బాప్తిస్మానికి ముందు అయ్యగారికి అప్పజెప్పినట్టు,
తడబడుతూ.

ముగింపు ప్రార్థన నాదే.
లేచాను.
"తండ్రీ" అన్నాను.
బండి కదల్లేదు.
ఫ్యాను చప్పుడు. బయట ఆటో హారను.
ఎవరో దగ్గారు.
కాసేపు చూసి అయ్యగారే ఆమెన్ అనేశారు.

సోమవారం తబితమ్మ గంప.
ముక్క నాలుగొందల గ్రాములు.
ఎర్ర పెన్ను మూత తీశాను, పెట్టేశాను.
సాయంత్రం యజమాని వేలు
ఆ ఖాళీ గడి మీద ఆగింది.
"నా జీతంలో పట్టుకోండి" అన్నాను.
పద్దెనిమిది రూపాయలు.
ఇన్నేళ్ల నా భక్తికి అయిన మొదటి ఖర్చు.
గొప్పేం లేదు.
మిగతా నలభై మంది కోతలు
ఆ రోజూ నేనే రాశాను,
అదే దస్తూరీతో.

రాత్రి మోకరించాను.
పాత మాటలు అలవాటుగా వచ్చి
వరసలో నిలబడ్డాయి.
పొమ్మన్నాను.
ఆ నలభై మందినీ ఒక్కొక్కరినే
తలుచుకుందామని కూర్చుంటే
నాకు గుర్తున్నవి గంపల నంబర్లు.

పదకొండో నంబరు, ప్రభువా.
ఎడమ చేతికి గుడ్డ కట్టుకుని వస్తుంది.
పేరు రేపు అడిగి చెప్తాను.