మూడు వందల పన్నెండో వరుస

పొద్దున్నే జీడితోటల్లోంచి నడిచి వస్తాను.
భుజాన సంచీ, సంచీలో టాబ్లెట్టు.
మింగేది కాదు, మీటితే వెలిగేది.
ఊళ్లో మొదటి తగువు దాంతోనే వచ్చింది.
"టాబ్లెట్లు తెచ్చినావేటమ్మా?" అని అరచెయ్యి చాపిన దానేసుకి
ఒట్టి ప్రశ్నలు ఇచ్చాను.

ఏ బోరు నీళ్లు తాగుతారు, రోజుకెన్ని చెంబులు?
ఎండలో ఎంతసేపు?
ఒళ్లునొప్పులకి ఏ బిళ్ల వేస్తారు, ఎవరిచ్చారు?
రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?
ఇంట్లో ఇంకెవరికైనా...
అక్కడ గొంతు తగ్గిస్తాను.
మా ఉద్దానంలో ఆ ప్రశ్నకి నోటితో జవాబు చెప్పరు.
గోడ మీద దండ వేసిన ఫోటో వైపు చూస్తారు.
'అవును' అన్న గడి నొక్కి
కాసేపు పెరట్లోని పనసకాయలు లెక్కపెడతాను.

తామాడ దాలమ్మ మాత్రం సూదికి చెయ్యి ఇవ్వలేదు.
"ముందు పాత బాకీ తేల్చు" అంది.
"మొదటిపాలి గుడారమేసి తీసినారు నెత్తురు.
రెండోపాలి తెల్లకారులో వొచ్చినారు.
మూడోపాలి మా ముసిలోడిది తీసినారు, ఆ నెల్లోనే పోనాడు.
ఏ ఊరెల్లిందే నా నెత్తురు?
నానయితే ఇచ్చాపురం దాటి ఎరగను.
అదేమో ఇమానాలెక్కి తిరుగుతోంది కావోలు.
ఎల్లినకాడి నుంచి ఓ ఉత్తరం ముక్కయినా రాయదేటి?"

జీడిపిక్కలు ఒలిచి ఒలిచి
ఆమె వేలిగీతలు ఎప్పుడో కాలిపోయాయి.
రేషను యంత్రమే ఆమెని పోల్చుకోలేదు.
నేనేం చెప్పను?

ఆ సాయంత్రం సిగ్నలు కోసం బడి మేడెక్కి
ఆమె మాటలన్నీ 'ఇతర వివరాలు' గడిలో కొట్టాను.
'పోనాడు' కింద ఎర్రగీత వచ్చింది.
దిద్దలేదు.

జీడి కాపు అయిపోయింది. వానలొచ్చాయి.
సోంపేట ఆటోల్లో మంచాన పడ్డవాళ్లు వెళ్లి
మరికాస్త పాలిపోయి తిరిగొస్తూనే ఉన్నారు.
ఆటో కిరాయి కోసం కొబ్బరిచెట్ల కాపు
ముందే అమ్ముకున్నారు.

అప్పుడొచ్చాయి కాగితాలు.
మనిషికొకటి, పెద్దక్షరాల తెలుగులో.
దాలమ్మ మాటలు ఎవరో చదివారట.
మూడు దేశాల డాక్టర్లు ఒక బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు
విశాఖపట్నం పిల్ల ఒకర్తె లేచి
"జవాబు ఇవ్వనిదే ఇకపై చుక్క కూడా తియ్యం" అందట.
అందరూ కలిసి ఒకే బేరం ఆడితే
నలభై రూపాయల బిళ్ల నాలుగుకి దిగిందట.
ఈ 'అట'లన్నీ నేను విన్నవే.
నాలుగు రూపాయల బిళ్ల మాత్రం నా సంచీలో ఉంది.

దానేసు కాగితం తీసుకోవడానికి
దానేసు కూతురు వచ్చింది.
రెండు చేతులతో పట్టుకుని, చదవకుండానే మడిచింది.

దాలమ్మది మూడు వందల పన్నెండో వరుస.
క్రియాటినిన్ ఒకటి పాయింటు ఏడు.
"ఇంకా దారుందా?"
"ఉంది. ఆ నొప్పుల బిళ్లలు మానెయ్. ఇవి వేసుకో."

కింది వరుస మా ఊరిది కాదు.
సముద్రాల అవతల చెరుకు నరికే మనిషి.
పేరు లేదు. వయసు నలభై ఒకటి.
షుగరు లేదు, బీపీ లేదు,
ఎండ ఉంది, కూలి ఉంది.
కారణం: ఇంకా తెలియదు.
పై వరుసలోనూ ఆ ఆఖరి గడిలో అదే మాట.

దాలమ్మ ఆ అంకెల మీద వేలు పెట్టి, అలాగే ఉంచి,
"ఈడికి పిల్లలెంతమందే?" అంది.
"ఆ గడి లేదు పిన్నీ."
"మరేటి లెక్కలే మీయి!"

అంటూనే రైక చెయ్యి పైకి లాగి
మోచెయ్యి నా ముందు చాపింది.

రాత్రి మళ్లీ బడి మేడెక్కాను.
మూడు వందల పన్నెండు. ఇతర వివరాలు.
"కింది వరుస మనిషికి పిల్లలెంతమంది?
మా దాలమ్మ కనుక్కోమంటోంది."
పంపించు అన్న బొత్తాం నొక్కాను.
చుట్టూ తిరుగుతోంది, తిరుగుతోంది చిన్న సున్నా.
తోటల మీంచి సముద్రపు గాలి.
ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను.