బాన వొలికేంత సేపు

కలసపాడు పక్కన మా పల్లె గుడిలో
పాటల పుస్తకానికి అట్ట లేదు.
మూడు తరాల బొటనవేళ్ళు అంచులు నల్లజేశాయి.
నూట డెబ్భై ఆరో పాట వెతకనక్కర్లేదు,
కింద పెడితే దానంతటదే తెరుచుకుంటుంది.

పైన చిన్న అక్షరాల్లో
రాగం నాదనామక్రియ, తాళం ఆది.
కింద ఇంకా చిన్న అక్షరాల్లో
పు. దేవవరం.
మనిషి అంతే మిగిలాడు అచ్చులో.
ఆ 'పు' ఏ ఇంటిపేరో
చెప్పగలిగిన వాళ్ళంతా సమాధుల దొడ్లో ఉన్నారు.

పోయిన ఆదివారం పొద్దుటూరు నుంచి
కొత్త కీబోర్డు తెచ్చారు.
నా హార్మోనియం మీద దుప్పటి కప్పారు.
మా అక్క కొడుకు ప్రభుకిరణ్ మీట నొక్కితే
డోలక్కు దానంతటదే మోగింది,
పిసరంత తేడా లేకుండా.
పల్లవి బాగానే నడిచింది.
మూడో చరణంలో
"ఎండిన నా గుండె నేలకు దిగిరా" అన్నాక
ఆడోళ్ళ వరస ఆగిపోయింది.
డోలక్కు ఆగలేదు,
ఖాళీ బండిలా ముందుకు పోయింది.

"తాళం తప్పుతున్నారు" అన్నాడు వాడు.
పుల్లమ్మత్త ముసుగు సర్దుకుని
"తప్పలేదు నాయనా, ఆడ ఆగాల" అంది.
ఎందుకో ఆమెకీ తెలీదు.
వాళ్ళమ్మ ఆగేది, అందుకని.

నాకు తెలుసు, కొంచెం.
మా జేజి సలోమి శనక్కాయలు వొలుస్తూ
తొక్కలకీ పప్పులకీ మధ్య చెప్పింది.

దేవవరం ఉపదేశి.
చెప్పులు చంకలో పెట్టుకుని
వారానికి నాలుగు పల్లెలు నడిచేవాడు.
జొన్నగింజ కనబడక
జనం బలుసాకు కోసం కొట్టుకున్న ఏడు
ఆ పాటకి మాటలు రాశాడు.
మాటలొచ్చాయి, వరస రాలేదు.
రాత్రి బుడ్డి దగ్గర భార్యకి చదివి వినిపించాడు.

ఆమె పేరు ఓబులమ్మ. బాప్తీస్మంలో రూతు.
చదువు రాదు.
వాళ్ళ నాయన రెడ్డి తోటలో కపిల తోలేవాడు,
ఆమె చిన్నప్పుడు మడవలు తిప్పేది.
ఎద్దులు బాట దిగుతుంటే ఒక పాదం,
వెనక్కి ఎక్కుతుంటే ఒక పాదం పాడేవాడాయన.
నడుమ, బాన పైకొచ్చి
తొండంలోంచి నీళ్ళు తొట్లోకి వొలికేదాకా
ఎద్దులు ఆగేవి, పాట ఆగేది,
ఆయన రొమ్ము ఎగిసిపడేది.

ఆ బాన తోలు ఊనిందీ కుట్టిందీ మా వాళ్ళే.
బావిలోకి బాన దిగొచ్చు,
మా కడవ దిగకూడదు.

ఆ వరసే తెచ్చి దేవుడికి తొడిగింది ఓబులమ్మ,
ఆగేచోటుతో సహా.

బంగళాలో దొరసాని పియానో మీద పలికించి
ఇక్కడొక మాత్ర ఎక్కువుందని
గీత కొట్టేసిందట.
అచ్చులో లేదు. నోళ్ళలో ఉంది.

జేజి మాట ఎంత నిజమో నేను చెప్పలేను.
ఒకసారి ఓబులమ్మ అనేది,
ఇంకోసారి ఓబులమ్మ చెల్లెలు అనేది.
శనక్కాయలు అయిపోతే కథా అయిపోయేది.

ఇప్పుడా బావిలో కంపచెట్లు.
నీళ్ళు ఏడొందల అడుగుల కింద, ఉంటే.
బానని వాడు చూడలేదు.
నేనూ చూడలేదు.

చీకటి పడ్డాక వాడే వచ్చాడు,
కీబోర్డు చంటిపిల్లలా ఎత్తుకుని.
"ఎంతసేపు ఆగాల మామా? లెక్క చెప్పు,
దీంట్లో ఎక్కిస్తా" అన్నాడు.
"బాన వొలికేంత సేపు."
"అంటే ఎంత?"

దుప్పటి తీసి హార్మోనియం మెట్టు ఒకటి నొక్కాను,
తిత్తి పట్టకుండానే.
శబ్దం రాలేదు.

"పుల్లమ్మత్త మొహం చూస్తా ఉండు" అన్నాను.
"ఆమె గాలి పీల్చుకున్నాక మొదలుపెట్టు."